“గొల్చువారికిన్” అనా, “గూడువారికిన్” అనా?

నెల్లూరు (ప్రశ్న):
మా కాలేజీ పత్రికకు ఇంజెక్షన్‌గా ఇచ్చే హైడ్రోజెల్‌ల మీద వ్యాసం రాస్తున్నాను. సిరంజిలో ద్రవంగా ఉండి, ఒంట్లోకి చేరాక జెల్‌గా మారి, మందును కొద్దికొద్దిగా వదిలే పదార్థాలు. పైన “నీరము తప్తలోహమున నిల్చి” పద్యం పెట్టాలని ఉంది. కాలిన ఇనుము మీద ఆవిరైపోయే నీరే తామరాకు మీద ముత్యంలా మెరిసి, ముత్యపుచిప్పలో పడితే ముత్యమవుతుంది, మనుషులూ ఎవరి దగ్గర చేరితే అలా అవుతారు అనే పద్యం. మూడు పాదాలు వచ్చు. నాలుగోది “పౌరుషవృత్తు లిట్లధము మధ్యము నుత్తము...” దగ్గర ఆగిపోతోంది. చివర “గొల్చువారికిన్” అనా, “గూడువారికిన్” అనా? మా నాన్నగారు రెండోదే చదివేవారు.

కందుకూరు:
గొల్చువారికిన్. భర్తృహరి సంస్కృత సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి పద్యం. అనుమానమే లేదు.

కావలి:
అంత తేలిగ్గా తేల్చేయకండి మాస్టారూ. గొల్చువా, గూడువా రెండూ రగణమే (గురువు, లఘువు, గురువు). “క” “గ”గా మారే సరళాదేశమూ రెంటికీ ఒకటే. ఛందస్సు, సంధి ఏ పక్షమూ పలకవు. ఇక మిగిలింది మూలం. మనందరం చదువుకున్న భర్తృహరి పాదం “సంసర్గతో జాయతే”. సంసర్గం అంటే కూడిక. మధ్యలో ఈ కొలువు ఎక్కణ్ణుంచి వచ్చింది?

కందుకూరు:
ఆ పాదానికి ఇంకో పాఠం ఉంది: “అధమమధ్యమోత్తమజుషా మేవంవిధా వృత్తయః”. జుష్ ధాతువుకు సేవించడం అనే అర్థముంది. “ఏవంవిధా వృత్తయః” పక్కన “వృత్తు లిట్లు” పెట్టి చూడండి. లక్ష్మణకవి చదివిన ప్రతిలో ఈ పాఠమే ఉండాలి.

ఒంగోలు (ఫార్మసీ పాఠాలు చెబుతాను):
నాకు మూడో పాదం మీద బెంగ. సంస్కృతంలో “స్వాత్యాం” ఉంది, తెలుగులో స్వాతి ఊసే లేదు. చినుకు ముత్యపుచిప్పలో పడితే చాలదు, ఆ కార్తెలోనే పడాలన్నది మూలం. ఈ జెల్‌లకు ప్రాణం అదే. పోలోక్సమర్ 407 అనే పాలిమర్ ద్రావణం తగిన గాఢతలో ఉంటే ఫ్రిజ్‌లో ద్రవం, ఒంటి వేడికి జెల్. నెయ్యికి సరిగ్గా తలకిందులు. వేడెక్కేకొద్దీ దాని అణువుల్లో నీటికి పొసగని భాగాలు లోపలికి ముడుచుకుని ఉండలవుతాయి, ఆ ఉండలు ఒత్తుగా సర్దుకుని బిగుస్తాయి. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌కైతే వేడితో పని లేదు, కాల్షియం తగలాలి. రొయ్యల పెంకుల్లోని కైటిన్ నుంచి తీసే కైటోసాన్‌కు బీటా గ్లిసరోఫాస్ఫేట్ అనే లవణం కలిపితే అదీ ఒంటి వేడికే బిగుస్తుంది. ఎవరి స్వాతి వారిది. అందుకే ఆ వ్యాసం పైన సంస్కృత శ్లోకమే పెట్టాలంటాను.

కావలి:
చూశారా, కాల్షియం “తగలాలి”, గ్లిసరోఫాస్ఫేట్ “కలపాలి”. అంతా కూడికే! గూడువారికిన్.

నెల్లూరు:
నాకింకోటి తోస్తోంది. కొలుచుకు కొలత అర్థమూ ఉందిగా? ఈ జెల్‌లతో పెద్ద చిక్కు, మందులో ఎక్కువ భాగం మొదట్లోనే ఒక్కసారిగా బయటికి వచ్చేయడం. కొలిచి వదిలేదే మంచి జెల్. ఆ లెక్కన “గొల్చు” నా వ్యాసానికి అతికినట్టుంటుంది.

కందుకూరు:
అమ్మా, ఉత్తముణ్ణి కొలవడమంటే సేవించడమే. వ్యాసం కోసం పద్యాన్ని వంచకూడదు. అది సరే, “జెల్‌గా మారడం” అని తిక్కన ఊళ్లో కూర్చుని రాస్తారా? విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు నడిపించిన మనిషి. చిన్న తెలుగు క్రియతో పెద్ద పని చేయించడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. “పేరుకోవడం” అనండి.

ఒంగోలు:
పేరుకోవడం అంటే రక్తనాళాల్లో కొవ్వు గుర్తొస్తుంది మాస్టారూ. “గడ్డకట్టడం” ఇంకా ప్రమాదం, గడ్డ మాట వింటేనే పేషంట్లకు టెన్షన్. “తోడుకోవడం” నయం. పైగా అందులో తోడు ఉంది.

అద్దంకి:
తిక్కన సరే, ఎఱ్ఱనను మరిచిపోతే ఎలా? నన్నయ వదిలేసిన అరణ్యపర్వాన్ని పూరించి, తన పేరు వెనక్కి పెట్టి, దాన్ని నన్నయ పేరుతో రాజరాజుకే అంకితం చేశాడు. ఆయన పద్యం నన్నయలా మొదలై తిక్కనలోకి కలుస్తుంది. ఒంట్లో ఖాళీ ఎలా ఉంటే ఆ ఆకారానికే జెల్ బిగుస్తుందని ఈమధ్యే చదివాను. చదివినప్పటి నుంచి నాకు ఎఱ్ఱనే గుర్తొస్తున్నాడు. ఆయన నన్నయను కొలిచాడా, కూడాడా? రెండూ అంటాను. నాలుగో పాదానికి మీరు వెతికే అర్థం అక్కడుంది.

కావలి:
“రెండూ” అంటే నా పాఠానికీ చోటిచ్చినట్టే.

కందుకూరు:
ఎఱ్ఱన గొప్పతనం పాఠనిర్ణయానికి ఆధారం కాదండీ. ఆయన నన్నయ కంటే రెండు వందల ఏళ్లు పైగా తర్వాతివాడు, కూడడం ఎలా కుదురుతుంది? కొలిచాడు.

అద్దంకి:
కవిని కూడడానికి కాలం అడ్డమా?

నెల్లూరు:
ఎవరి దగ్గరైనా సుభాషితాల పాత అచ్చుప్రతి ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి. వ్యాసం శుక్రవారం ఇవ్వాలి.

కందుకూరు:
టీకతో సహా కనిపించేలా పెట్టండి. “వృత్తులు” అన్న మాటకు టీకాకారుడు ఏమన్నాడో చూడాలి, నడవడికలా, బతుకుతెరువులా అని. అసలు పేచీ అక్కడుంది.

కావలి:
నడవడికలే మాస్టారూ, అందులో పేచీ ఏముంది?