అప్‌డేట్: గచ్చిబౌలి నుంచి ఎయిర్‌పోర్టుకి డ్రైవర్లు ఏ దారి పడతారన్న నా మోడల్

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. నా ప్రశ్న ఇదీ: సగటు సమయం, టోల్ మాత్రమే ఇస్తే లాజిట్ మోడల్ (ఏ దారిని ఎంత వాటా జనం ఎంచుకుంటారో అంచనా వేసే లెక్క) జనాన్ని మెహదీపట్నం వైపే ఎక్కువగా తోసేది. సర్వేలో డ్రైవర్లేమో ఓఆర్ఆర్ (ఊరి చుట్టూ ఉన్న టోల్ రోడ్డు) అన్నారు.

ముందు సగటుతో పాటు ప్రయాణ సమయం స్టాండర్డ్ డీవియేషన్ (సమయం సగటు నుంచి ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలత) కూడా కలిపాను. ఫ్లైట్ పట్టుకోవాల్సినవాడికి సగటుతో పనేంటి? టోలీచౌకిలో ఇరుక్కుంటే ఎంతసేపో తెలియదన్నదే భయం. మోడల్‌లో దాని గుణకం గట్టిగా నెగెటివ్ వచ్చింది, అంటే సమయం నమ్మలేని దారికి జనం దూరంగా ఉంటున్నారు; టోల్ కంటే అదే ఎక్కువ పని చేస్తోంది.

అసలు మజా నేను చేసిన రెండో మార్పులో ఉంది. మెహదీపట్నం దాకా రోడ్డు ఒకటే. అక్కడ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కడమా, కింద పిల్లర్ల పక్కనుంచి పోవడమా అన్నదే తేడా. మామూలు లాజిట్ ఈ రెంటినీ పూర్తిగా వేరు దారులనుకుని ఆ వైపు వాటా పెంచేస్తుంది. మీలో ఒకరు చెప్పిన పాత్ సైజ్ టర్మ్ (వేరే దారితో రోడ్డు పంచుకునే దారికి విలువ తగ్గించే పదం) వేయగానే ఆ వాటా దిగింది.

వార్‌డ్రాప్ 1952 సమతుల్యతలో (దారి మార్చినా ఎవరికీ సమయం కలిసిరాని స్థితి) అందరికీ సమయాలు కచ్చితంగా తెలుసనుకోవాలి. మన రోడ్ల మీద అదెక్కడ కుదురుతుంది! అందుకే దగాంజో, షెఫీ 1977లో ఇచ్చిన స్టోకాస్టిక్ యూజర్ ఈక్విలిబ్రియంకి (డ్రైవర్ల సమయం అంచనాల్లో తప్పులుంటాయని ఒప్పుకునే సమతుల్యత) మారుతున్నా. గైడ్ గారు మాత్రం ముందు వానరోజుల డేటా విడిగా తెమ్మంటున్నారు.