పెరటి కందతో 100 మందికి కంద బచ్చలి: దురద రాకుండా ఎలా?

పెరటిగట్టు:
మాఘంలో గృహప్రవేశం. విస్తట్లోకి పెరటి కందతోనే ఆవపెట్టిన కంద బచ్చలి చేద్దామని ఇంట్లో పట్టు. నాటుకంద, పిలకలు పెట్టే రకం. ఏడు మొక్కల్లో ఐదింటికి కాడ పడిపోయి ఎండింది, రెండింటికి ఆకు ఇంకా పచ్చగానే ఉంది. ఎప్పుడు తవ్వాలి, 100 మందికి ఎంత కావాలి, గొంతు దురద పెట్టకుండా ఏం చేయాలి?

లంకతోట:
పచ్చగా ఉన్న రెండింటి జోలికి పోకండి. ముదరని దుంపకే దురద ఎక్కువ. ఎండిన ఐదూ ముహూర్తానికి రెండు మూడు వారాల ముందే తవ్వేయండి, నిలవున్న కంద అప్పుడే తవ్విన దానికంటే తక్కువ గీరుతుంది. కాడ ఉన్నచోటు నుంచి మూరెడు దూరంలో చుట్టూ గునపంతో వదులు చేసి, కింద నుంచి ఎత్తాలి. గునపం దిగబడిన దుంప వారంలో కుళ్ళడం మొదలెడుతుంది, దాన్ని ముందు వాడేయండి. మిగతావి కడగొద్దు. మట్టి దులిపి, గాలి ఆడే నీడలో ఒకదానికొకటి తగలకుండా పరవండి.

కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళ గజేంద్ర రకమైతే ఈ దురద గొడవే ఉండదు, పిలకలూ పెట్టదు. నాటుకంద రుచి వేరంటారు కాబట్టి మీ ఇంట్లో వాళ్ళ పట్టూ అర్థమవుతోంది.

వంటపందిరి:
100 మందికి చెక్కు తీశాక 5 కిలోల ముక్కలుండాలి, అంటే 6.5 కిలోల దుంప. బచ్చలి 2 కిలోలు, చింతపండు 250 గ్రాములు, ఆవాలు 100 గ్రాములు.

దురద దుంపలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. ఉట్టి నీళ్ళలో ఉడికించినంత మాత్రాన అవి పూర్తిగా పోవు, అందుకే పులుపు కావాలి. తరిగేవాళ్ళు చేతులకి నూనె రాసుకుని, దుంప పొడిగా ఉండగానే చెక్కు మందంగా తీయాలి. తడి చేతులతో పట్టుకున్నారో, ఇక గోకుడే. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, తరిగే చేతికి మాత్రం తప్పదు! దురద పట్టుకుంటే చింతపండు గుజ్జు రుద్దుకోండి. ముక్కలు తరిగాకే కడగాలి, రెండు మూడు నీళ్ళు మార్చి.

పెరటిగట్టు:
చింతపండు మొదట్లోనే వేసి ఉడికించాలని అత్తయ్యగారు అంటున్నారు. నిజమేనా?

వంటపందిరి:
దురద సంగతి వరకూ అత్తయ్యగారి మాట సబబే. కానీ పులుపు ముందే పడితే ముక్క బిర్రబిగుస్తుంది, ఎంతసేపు మరిగినా మెత్తబడదు. పసుపు వేసి ముక్కల్ని ముప్పాతిక వంతు ఉడికించి, ఆ నీళ్ళు పారబోయండి. అప్పుడు తరిగిన బచ్చలి, పచ్చిమిర్చి, అల్లం, చింతపండు పులుసు, ఉప్పు వేసి దగ్గరపడనివ్వండి. ముక్క గరిటెతో నొక్కితే మెదగాలి, పూర్తిగా ముద్ద కాకూడదు. సెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. 5 కిలోలంటే అరకిలోకి పదింతలు కదా అని పోపూ పదింతలు చేయొద్దు, అరకిలో కందకి వేసేదానికి ఆరింతలు చాలు.

ఆవఘాటు:
అసలు పాడయ్యేది ఆవ దగ్గరే. గుండిగ దించి, ఆవిరి తగ్గి గోరువెచ్చన అయ్యాకే కలపాలి. పొయ్యి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. నూరడం కూడా కలిపే ముందే, చల్లటి నీళ్ళతో, ఎండుమిర్చి, కాస్త ఉప్పు వేసి. మిక్సీ వేడెక్కేదాకా తిప్పితే అదే చేదు. పైన నాలుగు గరిటెలు పచ్చి నువ్వుల నూనె. వడ్డనకి గంట ముందు కలిపితే ఊరి బాగుంటుంది, పొద్దున్నే కలిపి పెట్టేస్తే మధ్యాహ్నానికి ఆవ ఉందో లేదో తెలీదు.

పెరటిగట్టు:
దుంపలు మిగిలితే ఇరుగుపొరుగుకి ముక్కలు చేసి పంచొచ్చా?

లంకతోట:
పంచొచ్చు, కోసిన ముఖం గాలికి ఆరి పొరకడితే వారం నిలుస్తుంది. పెరడున్న వాళ్ళకి మాత్రం పిలకలో, మొలక కన్ను కొంత ఉన్న ముక్కో ఇవ్వండి, కన్ను లేని ముక్క సరిగ్గా మొలవదు. ముక్క అరకిలోకి తగ్గకూడదు. పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టి, రెండడుగుల గుంటలో మాగిన పేడ, మట్టి కలిపి పెట్టి, పైన ఎండాకు కప్పమనండి. నీళ్ళు నిలిచే చోట వద్దు, మొదలు కుళ్ళి మొక్క ఒరిగిపోతుంది. మీ పచ్చ మొక్కలు రెండూ అలాగే ఉండనివ్వండి, ఆకు పండి కాడ పడ్డాక తవ్వొచ్చు.