ఒక్క కోచ్, ఇద్దరు లిఫ్టర్లు: స్నాచ్ వార్మప్ లెక్క ఎలా పెట్టుకోవాలి?

పర్లాకిమిడి నుంచి వెయిట్‌లిఫ్టింగ్ పోటీకి ఇద్దరమ్మాయిలు, ఒక్క కోచ్ వెళ్తున్నారు. ఇద్దరిదీ ఒకే సెషన్. ఒకరి మొదటి స్నాచ్ (బార్‌ను నేల మీంచి ఒకే ఊపున తల పైకి ఎత్తడం) 60 కిలోలు, ఇంకొకరిది 63. కొద్దిమందితోనే పెద్ద క్రీడలకు వెళ్ళే దేశాల జట్ల పద్ధతి తెలిసినవాళ్ళు చెప్పాలి. 21 చదరపు కిలోమీటర్ల నౌరూ నుంచి వెళ్ళి మార్కస్ స్టీఫెన్ 1990 ఆక్లండ్ కామన్వెల్త్ క్రీడల్లో 60 కిలోల శరీర బరువు విభాగం స్నాచ్‌లో బంగారం కొట్టాడు కదా!

60తో మొదలుపెట్టే అమ్మాయికి ఇప్పటి లెక్క ఇదీ: 15 కిలోల ఖాళీ బార్‌తో ఒళ్ళు వెచ్చబడ్డాక 30, 40, 47, 53, 57. వేదిక మీద మూడు ప్రయత్నాలు అయ్యేసరికి లోపల వార్మప్ గదిలో ఒక లిఫ్ట్. అంటే తన వంతుకు 15 ప్రయత్నాల ముందు 30 ఎత్తాలి.

చిక్కంతా ఇక్కడే. తక్కువ బరువు అడిగినవాళ్ళదే ముందు వంతు కాబట్టి, ముందున్నవాళ్ళు బరువు పెంచేసుకుంటే మన పిల్ల 47 దగ్గర ఉండగానే పేరు పిలుస్తారు, గడియారంలో ఒక్క నిమిషం. వాళ్ళు ఫెయిలయి అదే బరువు మళ్ళీ అడిగితే రెండేసి నిమిషాలు, మనవాళ్ళ ఒళ్ళు చల్లారిపోతుంది. మూడు ప్రయత్నాలూ పోతే టోటల్ (రెండు రకాల లిఫ్టుల్లో ఎత్తిన బరువుల మొత్తం) లేనట్టే. పైగా మైకులో పిలుపు ఒడియాలో; కోచ్ బల్ల దగ్గర తర్వాతి బరువు రాసే కార్డు మీద సంతకం పెడుతుంటే లోపల ప్లేట్లు మార్చే దిక్కుండదు.

ఇద్దరికీ ఒకే బార్ సరిపోతుందా? ఆలస్యమైతే 53 మళ్ళీ ఎత్తించాలా, 57కే ఆపాలా? రెండో అమ్మాయిని 66తో మొదలుపెట్టించడం తెలివేనా, తెగింపా?