కిట్టెల్ సెట్, పసుపు అట్టల గణితం: ధర కట్టేదెలా?

కొన్ని పాత పుస్తకాలు అమ్మాలి, వాటికి ధర కట్టాలి. మొదటిది కిట్టెల్ బైబిల్ కొత్త నిబంధన వేదాంత నిఘంటువు, ఇంగ్లిష్ సెట్: 10 సంపుటాల్లో 9 ఉన్నాయి, సూచికలున్న పదోది లేదు. ఇలాంటి సెట్‌కి ఎంత తగ్గించాలి? విడివిడిగా అమ్మితే మిగిలినవి అమ్ముడుపోతాయా?

స్ప్రింగర్ ప్రచురణ సంస్థ పసుపు అట్టల గణిత పుస్తకాలు 14. వీటిలో 5 భారత ఉపఖండంలోనే అమ్మాలని ముద్రించిన చౌక ప్రతులు. అసలు ముద్రణతో పోలిస్తే వాటికి ఏ లెక్క కడతారు?

విట్టకర్–వాట్సన్ రాసిన గణిత గ్రంథం ‘ఎ కోర్స్ ఆఫ్ మోడర్న్ అనాలిసిస్’ కూడా ఉంది. నాలుగో కూర్పు 1927దే, కానీ హక్కుల పేజీలో తర్వాతి పునర్ముద్రణల వరుస ఉంది, కాబట్టి తొలి ముద్రణ ధర అడగలేం. పైగా లైబ్రరీ ముద్ర, వెన్నుపై నంబరు చీటీ. చీటీ ఊడదీస్తే అట్ట మీది బట్ట చిరుగుతుందేమో, అలాగే ఉంచాలా?

పాత బయోకెమిస్ట్రీ పాఠ్యపుస్తకాలు ఎలాగూ కిలోల లెక్కే, వాటిని వదిలేయండి. అమ్మేవాళ్లు ఆశపడి పెట్టిన ధరలు వద్దు. నిజంగా అమ్ముడుపోయిన ధరలు ఎక్కడ చూడాలి?