సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు పికప్‌లో తటపటాయిస్తోంది, మెకానిక్ టర్బో మార్చమంటున్నాడు

కేఆర్‌పురం_కొత్తోడు:
అందరికీ నమస్తే. బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఉంటాను. ఉగాది ముందు ఒక 2014 మోడల్ 1.3 లీటర్ టర్బో డీజిల్ హ్యాచ్‌బ్యాక్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీటర్ 96 వేలు చూపిస్తోంది, నిజమో అబద్ధమో అమ్మినాయనకే తెలియాలి.

ప్రాబ్లం ఏంటంటే, మూడో గేర్‌లోనో నాలుగో గేర్‌లోనో పెడల్ గట్టిగా తొక్కితే బండి వెంటనే అందుకోదు. కాసేపు ఏమీ జరగనట్టు ఉండి, తర్వాత లాగుతుంది గానీ అది కూడా నీరసంగానే. టిన్ ఫ్యాక్టరీ దగ్గర జామ్‌లో పాకుతూ పోతున్నప్పుడు ఏ తేడా తెలియదు, హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం వెనక బస్సు హారన్ కొడుతుంటే చెమటలు పడతాయి. మొన్న చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ రోడ్డులో లోడ్ లారీలు నన్ను దాటుకుని పోయాయి, అంతకంటే ఏం చెప్పను.

చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు. ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ కొన్న వెంటనే మార్పించాను. గట్టిగా తొక్కితే వెనక కొంచెం నల్ల పొగ వస్తోందని మా ఆవిడ చెప్పింది. ఇంటి దగ్గర మెకానిక్ ఒక రౌండ్ వేసి వచ్చి "టర్బో పోయింది సార్, రీకండిషన్డ్ వేస్తే 28 వేలు" అన్నాడు. బానెట్ కూడా సరిగ్గా ఎత్తలేదు. వేయించమంటారా?

డీజిల్_బాబాయ్:
టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే పంకా) అనగానే పర్సు తీయకు తమ్ముడూ. పోయిన టర్బో ఊరికే పోదు, ఆయిల్ తాగుతుంది, నీలం పొగ వదులుతుంది, లేదా అంబులెన్స్ సైరన్ లాగా కూత పెడుతుంది. నువ్వు చెప్పినవాటిలో ఇవేవీ లేవు. నల్ల పొగ అంటే డీజిల్ పడుతోంది, దానికి సరిపడా గాలి అందట్లేదు అని.

చూడాలంటే పెద్ద పనేం కాదు. ఇంజిన్ ఆపి చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే పైపు విప్పి, లోపల షాఫ్ట్ కొసను వేళ్లతో కదిలించు. పక్కలకు కొంచెం ఆడితే భయం లేదు. ముందుకీ వెనక్కీ జరుగుతుంటే, లేదా రెక్కలు గోడకి రాసుకున్న గీతలు కనిపిస్తే అప్పుడు మీ మెకానిక్ మాట నిజం.

నీది 75 హార్స్ పవరా, 90దా? 75ది అయితే మామూలు టర్బో. 90ది అయితే వేరియబుల్ జామెట్రీ, అంటే పొగ దారిని పెద్దదీ చిన్నదీ చేసే కదిలే రెక్కలున్నది, అందులో ఆ రెక్కలు మసి పట్టి బిగుసుకోవడం, దాన్ని కదిలించే వాక్యూమ్ గొట్టం చిట్లడం లాంటివి ఉంటాయి. అది తెలిస్తే మిగతాది మాట్లాడుకోవచ్చు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
క్లచ్ చూశారా అన్నా? ఘాట్‌లో తొక్కితే ఆర్‌పీఎం ముల్లు సర్రున పైకి పోయి, స్పీడ్ మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. బెంగళూరు బండ్లకి ఇది మామూలే.

చిత్తూరు_డ్రైవర్:
నా లెక్కలో ఇంజెక్టర్లప్పా, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి. నా బండికీ అచ్చం ఇట్లనే ఉండె, నాలుగూ తీసి సర్వీస్ చేయిస్తే సరిపోయింది. సందు బంకుల్లో డీజిల్ కొట్టిస్తే ఇంతే, నీళ్లు కలిసింటాయి.

ఓబీడీ_పిచ్చోడు:
ఊహించుకుంటూ పోతే అందరం కలిసి ఈయన చేత కొత్త ఇంజిన్ వేయిస్తాం. ఒక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు, రీడింగులు చదివేది) కొనండి, వెయ్యి లోపే వస్తుంది, ఫోన్లో యాప్ వేసుకోండి. లైట్ వెలగలేదంటే కోడ్ లేదని కాదు, పెండింగ్‌లో ఉండొచ్చు. అమ్మే ముందు కోడ్లు తుడిచేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, అందుకే చాలా బండ్లలో "కోడ్లు తుడిచాక తిరిగిన దూరం" అని ఒక రీడింగ్ ఉంటుంది, అది కూడా చూడండి. పీ0299 ఉంటే బూస్ట్ (టర్బో నింపే గాలి ఒత్తిడి) తక్కువ, పీ0087 ఉంటే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి పోయే డీజిల్ ఒత్తిడి) తక్కువ, పీ0101 ఉంటే గాలి కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ మీద అనుమానం.

అసలు పని లైవ్ డేటాలో ఉంటుంది. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) రీడింగ్ చూడండి. నెట్‌లో అందరూ 101 కిలోపాస్కల్ ఉండాలని రాస్తారు. అది చెన్నై లెక్క, సముద్రం పక్కన ఉన్నవాళ్లది. మనం సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, ఇక్కడ 91 దగ్గర చూపిస్తే సెన్సర్ బాగున్నట్టు. ఇది తెలియక మంచి సెన్సర్ పీకి పారేసినవాళ్లు నాకు తెలుసు.

తర్వాత పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని (నడుపుతూ ఫోన్ చూడొద్దు), మూడో గేర్‌లో 1500 ఆర్‌పీఎం నుంచి పెడల్ పూర్తిగా తొక్కి 3000 దాకా పోనివ్వండి. మూడు రీడింగులు రికార్డ్ చేయండి: మ్యాప్, రైల్ ప్రెషర్, ఎంఏఎఫ్. 2500 దగ్గర మ్యాప్ 200 దాటాలి. మ్యాప్ ఎక్కకుండా రైల్ ప్రెషర్ మాత్రం ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగినంత వస్తుంటే గాలి వైపు లోపం. మ్యాప్ బాగుండి రైల్ ప్రెషర్ కింద పడుతుంటే అప్పుడు చిత్తూరు అన్న చెప్పిన డీజిల్ వైపు వెతుకుదాం.

డీజిల్_బాబాయ్:
బాగా చెప్పావు. ఇంజెక్టర్ల గురించి ఒక మాట: అవి పోతే సాధారణంగా చల్లటి పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, ఐడిల్‌లో వణుకు ఉంటుంది. అయినా అనుమానం ఉంటే రిటర్న్ పైపులకి నాలుగు సీసాలు పెట్టి లీక్ ఆఫ్ టెస్ట్ చేయించు, ఏ సీసా మిగతావాటికంటే ముందు నిండితే ఆ ఇంజెక్టర్ దొంగ. అది చేయకుండా నాలుగూ విప్పనివ్వకు.

కేఆర్‌పురం_కొత్తోడు:
థ్యాంక్స్ అందరికీ. నాది 75 హార్స్ పవర్‌ది. ఐడిల్ బాగుంది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ముల్లు, స్పీడ్ కలిసే పోతున్నాయి కాబట్టి క్లచ్ కాదనుకుంటా. టర్బో షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగట్లేదు, రెక్కలు శుభ్రంగా ఉన్నాయి.

రికార్డ్ చేశాను. కోడ్లు ఏమీ లేవు. కీ ఆన్‌లో మ్యాప్ 91. ఫుల్‌గా తొక్కితే 2500 దగ్గర 148, ఆపైన ఎక్కట్లేదు. రైల్ ప్రెషర్ అడిగినంత వస్తోంది.

ఓబీడీ_పిచ్చోడు:
అయితే గాలి ఎక్కడో పోతోంది, లేదా ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మసి పట్టి తెరుచుకునే ఉండిపోయి తాజా గాలికి చోటు లేకుండా పొగ తోస్తోంది. ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (టర్బో గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజిన్‌కి పోయే రబ్బరు హోస్‌లు చూడండి. పై నుంచి చూస్తే బాగానే కనిపిస్తాయి. చల్లగా ఉన్నప్పుడు చేత్తో పిసికి, మెలితిప్పి చూడాలి, ముఖ్యంగా క్లాంప్ అంచున, కింది వైపున. దుమ్ము అంటుకున్న తడి ఆయిల్ జిడ్డు ఒక్క చోటే ఉంటే అక్కడ అనుమానం. గ్యారేజీలో స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీక్ పట్టడం) చేసేవాళ్లు దొరికితే ఇంకా మంచిది.

కేఆర్‌పురం_కొత్తోడు:
దొరికింది! రామమూర్తి నగర్‌లో వేరే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను, ఆయన కింది కవర్ విప్పాడు. ఇంటర్‌కూలర్ కింది హోస్, క్లాంప్ పక్కనే, బొటనవేలు పొడవున చిట్లి ఉంది. మామూలుగా చూస్తే గీత కూడా కనపడదు, వంచితే పెదవుల్లా తెరుచుకుంటోంది. బూస్ట్ ఎక్కినప్పుడే తెరుచుకుంటుంది కాబట్టి ఐడిల్‌లో ఏమీ తెలియలేదట. జేసీ రోడ్డులో కొత్త హోస్ తెచ్చాం, 1,600 పడింది, కొత్త క్లాంపులు విడిగా. ఇప్పుడు అదే రోడ్డులో అదే గేర్‌లో మ్యాప్ 214 దాకా పోతోంది, నల్ల పొగ లేదు.

రెండు డౌట్లు. 1500 కింద ఇంకా కొంచెం మందంగానే ఉంది, అది మామూలేనా? ఇంకొకటి, ఈ మెకానిక్ ఈజీఆర్‌కి రేకు ముక్క పెట్టి మూసేస్తే ఇంకా బాగా లాగుతుంది అంటున్నాడు.

డీజిల్_బాబాయ్:
1500 కింద ఆ ఇంజిన్ గుణమే అంత, 1800 దాటితేనే టర్బో నిద్ర లేచేది. హెబ్బాళ ఎక్కేటప్పుడు ఒక గేర్ దించు, మొహమాటపడకు. ఈజీఆర్ మూయించొద్దు, అది పొల్యూషన్ తగ్గించడానికి పెట్టిన సామాను, కొన్ని బండ్లలో మూస్తే కోడ్ కూడా పడుతుంది. విప్పి కడిగించు చాలు. చేయి పడ్డప్పుడే మ్యాప్ సెన్సర్ ముక్కు కూడా తుడిపించు, ఇన్నాళ్లూ నల్ల పొగతో నడిచింది కదా, మసి పేరుకుని ఉంటుంది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
28 వేలు అడిగిన ఆ మెకానిక్ దగ్గరికి ఒకసారి పాత హోస్ పట్టుకుని వెళ్లి రా అన్నా, మొహం ఎలా పెట్టాడో ఇక్కడ రాయాలి.

చిత్తూరు_డ్రైవర్:
అది సరే, ఆ హోస్ పార్ట్ నంబర్ ఉంటే పెట్టప్పా. నా బండికి ఇంజెక్టర్లు చేయించినాక కూడా మొగిలి ఎక్కేటప్పుడు కొంచెం నల్ల పొగ వస్తా ఉంది.