ఫోన్లలో, టీవీల్లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఏటేటా పెరుగుతోంది: మధ్యతరగతి ఇంటికి లాభమా, భారమా?

చిత్తూరు మాస్టారు

తిరుపతిలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా అబ్బాయికి కొత్త ఫోను కావాలట. గాంధీ రోడ్డులో కొట్లు తిరిగాం. పదమూడు వేలది చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. ముప్పై రెండు వేలదే కావాలంటాడు. రెండింటికీ తేడా ఏమిటని అడిగితే కొట్టతను "గ్రాఫిక్స్ సార్" అన్నాడు. తెర కొలత ఒకటే, బ్యాటరీ కూడా దాదాపు ఒకటే. అంటే ఆ పంతొమ్మిది వేలూ కంటికి కనిపించని చిప్పులో ఒక మూలకు పోతున్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గ్రాఫిక్స్ ప్రాసెసర్ పుట్టిందే ఆటల కోసం. 1999లో ఎన్విడియా అనే చిప్పుల కంపెనీ 'జీఫోర్స్ 256'ను ఆ పేరుతో అమ్మినప్పుడు కొన్నవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ ఆటల వాళ్లే. ఫోనులో మనం చేసేది మాట్లాడటం, చదవటం, పాఠాలు చూడటం, డబ్బు పంపటం. వీటికి అంత బలం ఎందుకు? మా పెద్దమ్మాయి డిగ్రీ మూడేళ్లూ ఏడు వేల ఫోనుతో చదివి మంచి మార్కులతో బయటికి వచ్చింది. గ్రాఫిక్స్ కావాలని ఒక్కనాడూ అడగలేదు. 2025లో తోతాపురి ధర ఎలా కూలిందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. పింఛను, మూడెకరాల మామిడి తోట మీద నడిచే ఇంటికి ఈ ఖర్చు న్యాయమేనా?

జాతర కెమెరా

మాస్టారూ, నమస్కారం. మీ లెక్క మొదటి మెట్టులోనే తప్పింది. ఆట ఆడినా ఆడకపోయినా తెర మీద కదిలే ప్రతిదాన్నీ గీసేది గ్రాఫిక్స్ ప్రాసెసరే. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నుంచి మామూలు యాప్‌లన్నీ దాని మీదే ఆధారపడుతున్నాయి. మీరే మాస్టారు కనుక లెక్క చూడండి. 1080 అడ్డం, 2400 నిలువు తెరలో 25,92,000 పిక్సెళ్లు, అంటే రంగు చుక్కలు. సెకనుకు 120 సార్లు గీయాలంటే 31 కోట్ల పైమాట. ఒక్కో బొమ్మకు దొరికే సమయం ఎనిమిది మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ. మీరు వేలితో వార్తల పేజీ జరుపుతున్నప్పుడు జరిగేది ఇదే. పాఠం వీడియో నడిచేదీ దానివల్లే. ఎవరికీ అవసరం లేదని అనకండి.

తిలక్ రోడ్డు రిపేరు

తమ్ముడూ, చివరి మాట సరికాదు. కుదించి పంపిన వీడియోను విప్పి బొమ్మలుగా మార్చేది గ్రాఫిక్స్ ప్రాసెసర్ కాదు. అదే చిప్పులో దానికి వేరే భాగం ఉంటుంది. యూట్యూబ్ పాఠం చూస్తున్నంతసేపూ ఆ భాగమే ఎక్కువ పని చేస్తుంది. అందుకే చవక ఫోనులో కూడా వీడియో చక్కగా నడుస్తుంది, ఆట మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. కెమెరా పని చూసే భాగం కూడా వేరే.

చిత్తూరు మాస్టారు

చూశారా! పాఠాలకు గ్రాఫిక్స్ ప్రాసెసర్ అవసరం లేదని బోర్డు విప్పి చూసేవారే చెప్పారు. నేను అడిగింది కూడా ఇదే.

పుత్తూరు వాసి

నాది పాత ఫోను. వాట్సాప్, పేపరు, కరెంటు బిల్లు అన్నీ నడుస్తున్నాయి. మాస్టారి పక్షం.

వికృతమాల టీవీ

టీవీల సంగతి కూడా చెబుతాను. రేణిగుంట దగ్గర టీవీలు తయారయ్యే చోట పని చేస్తున్నాను. 4కే తెర అంటే 3840 అడ్డం, 2160 నిలువు, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. కానీ చాలా చవక టీవీలలో మెనూను గీసేది 1920 అడ్డం, 1080 నిలువులోనే. అంటే 4కేలో నాలుగో వంతు మాత్రమే గీసి, తెర నిండా సాగదీస్తారు. లోపలి గ్రాఫిక్స్ భాగం అంతకు మించి మోయలేదు. రిమోట్ నొక్కిన తరవాత మెనూ నింపాదిగా కదిలే టీవీలను చూసే ఉంటారు. వాటిలో సినిమా మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది.

జాతర కెమెరా

వీడియో విప్పడం ఒక్కటీ పట్టుకుని మాస్టారు మొత్తం వాదన గెలిచినట్టు రాస్తున్నారు. చూడటం వేరు, చేయటం వేరు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వరసగా వస్తాయి. నేను వీధిలోనే, ఏదో ఒక అరుగు నీడన కూర్చుని ఫోనులో తీసింది ఫోనులోనే కూర్చి, రంగు సరిచేసి, తెలుగు అక్షరాలు పైన వేసి పంపుతాను. ఒంటికి పూసుకున్న నామం తెలుపు ఎండకు పాలిపోకుండా, బుగ్గల ఎరుపు ఉన్నది ఉన్నట్టు కనిపించేలా ఒక్కో ముక్కకు రంగు సరిచేయాలి. ఆ రంగుల పని, ముక్కకూ ముక్కకూ మధ్య కలిపే పని గ్రాఫిక్స్ ప్రాసెసర్‌దే. పాత ఫోనులో నిమిషం వీడియో బయటికి రావడానికి టీ తాగి వచ్చేంత సమయం పట్టేది. ఇప్పుడు తరవాతి వేషం వచ్చేలోపు పూర్తవుతుంది. ఇదే నా జీవనం.

ఏర్పేడు పరిశోధన

రెండు వైపులా కొంత సవరించాలి. ఇది నా చదువుకు సంబంధించిన విషయం కనుక కాస్త పొడుగ్గా రాస్తాను.

మాస్టారు చెప్పిన 1999 సంవత్సరం సరైనదే, కానీ ఫోనులోని గ్రాఫిక్స్ ఆ కొమ్మ మీద కాసింది కాదు. ఫోను గ్రాఫిక్స్ ప్రాసెసర్లకు 'మాలి', 'అడ్రీనో' అనే పేర్లు చూస్తారు కదా, 'మాలి' మూలం నార్వేలో ట్రాండ్‌హైమ్ విద్యార్థులు పెట్టిన ఫాలాంక్స్ అనే చిన్న సంస్థ. 2006లో చిప్పుల నమూనాలు గీసే ఆర్మ్ కంపెనీ దాన్ని కొన్నది. 'అడ్రీనో' మూలం ఏఎండీ అనే చిప్పుల కంపెనీ వారి చేతి పరికరాల గ్రాఫిక్స్ విభాగం. 2009లో ఫోను చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ దానికి ఆరున్నర కోట్ల డాలర్లు ఇచ్చింది. వీటి చరిత్ర అంతా బ్యాటరీ చుట్టూ తిరిగింది. 2022లో వచ్చిన, కంప్యూటర్‌లో పెట్టే ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లు తింటుంది. ఫోను మొత్తం ఎక్కువసేపు భరించగలిగేది సుమారు నాలుగైదు వాట్లు. లెక్కలు చేయడం కంటే మెమరీకి డేటాను మోసుకెళ్లి తీసుకురావడానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. అందుకని ఫోను చిప్పులు తెరను చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిని చిప్పు లోపలే పూర్తిచేసి, ఆ తరవాతే బయటి మెమరీలో పెడతాయి. వాకిలంత ముగ్గును గడి తరవాత గడిగా పూర్తి చేసుకుంటూ వెనక్కి జరిగినట్టు.

ఇక జాతర కెమెరా గారికి. కొట్లో చూపించే బెంచిమార్కు (వేగం కొలిచే పరీక్ష) అంకె చల్లటి గదిలో కొన్ని నిమిషాల పరుగుది. మే నెలలో తిరుపతి 42 డిగ్రీలు దాటిన రోజున, ఎండలో, అదే చిప్పు వేడికి తట్టుకోలేక తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ముప్పై రెండు వేలు ఇచ్చి కొన్న బలంలో ఎంత మిగులుతుందనేది ఫోను లోపల వేడిని బయటికి పంపే ఏర్పాటు మీద ఉంటుంది. ఆ సంగతి డబ్బా మీద రాయరు.

తిలక్ రోడ్డు రిపేరు

నూటికి నూరు పాళ్లు నిజం. డెలివరీ కుర్రాళ్లు బండి మీద ఫోను బిగించుకుని కరకంబాడి రోడ్డులో తిరిగి నా దగ్గరికి వస్తారు, తెర దానంతట అదే మసకబారుతోందని. మ్యాపు తిరుగుతూ ఉంటుంది, చార్జింగ్ ఎక్కుతూ ఉంటుంది, పైన ఎండ. కెమెరా పక్కన వీపు మీద వేలు పెడితే చురుక్కుమంటుంది. చాలా ఫోన్లలో చిప్పు ఉండేది ఆ చుట్టుపక్కలే.

ఇంకో మాట. గ్రాఫిక్స్ మాత్రమే మార్చి ఇవ్వమని అడుగుతారు. ఫోనులో అది వేరే కార్డు కాదు, ప్రధాన చిప్పులోనే కలిసి ఉంటుంది. చాలా ఫోన్లలో ఆ చిప్పు మీదే మెమరీ చిప్పు అతికించి ఉంటుంది. పోతే బోర్డే పోయినట్టు. కనుక కొనేటప్పుడే చూసుకోవాలి.

చిత్తూరు మాస్టారు

వేడెక్కితే తగ్గిపోయే బలానికి ముప్పై రెండు వేలు. మార్చడానికి వీలు లేని వస్తువుకు ముప్పై రెండు వేలు. నా వాదనకు మీరే బలం చేకూరుస్తున్నారు.

జాతర కెమెరా గారికి ఒక మాట. మీకది వృత్తి. మా వాడికి వృత్తి చదువు. ఈ గ్రాఫిక్స్ మోజు మా ఇంట్లో ఏం చేసిందో చెబుతాను, అప్పుడు మాట్లాడండి. ఆటలో తన బొమ్మకు చొక్కా, తుపాకీకి రంగు కొనడానికి మా వాడు పరీక్ష ఫీజు డబ్బు కట్టేశాడు. కాలేజీ నుంచి కబురు వస్తే తప్ప మాకు తెలియలేదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధిస్తే మా ఇంట్లో పండుగలా ఉండింది. మరుసటి ఏడాదే పేరు మార్చుకుని తిరిగి వచ్చింది. ఇప్పుడు మళ్లీ బలమైన ఫోను అంటే నాకు వినిపించేది ఆటే.

జాతర కెమెరా

అదీ అసలు సంగతి! మీ అబ్బాయి మీద మీకు నమ్మకం లేదు, ఆ కోపం చిప్పు మీద చూపిస్తున్నారు. మా నాన్నా ఇంతే. ఫోను మాట్లాడటానికే, బొమ్మలకు కాదు అని తీసి బీరువాలో పెట్టేవాడు. ల్యాప్‌టాప్ కొనే స్తోమత మా ఇంట్లో ఎన్నడూ లేదు. స్టూడియోలో లైట్లు మోసే పనికి వెళ్లి, రాత్రుళ్లు మిత్రుడి ఫోనులో కూర్పు నేర్చుకున్నాను. మాలాంటి ఇళ్లలో ఫోనే కంప్యూటర్. అందులో బలం పెంచితేనే మా చేతికి పనిముట్టు వచ్చింది. దాన్ని విలాసమంటే మండదా? మీలాంటి పెద్దలు చేసే అన్యాయమే ఇది.

చిత్తూరు మాస్టారు

మా ఇంటి సంగతి మీకేం తెలుసని తీర్పు చెబుతున్నారు? ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పినవాడిని. పిల్లల్ని నమ్మడం మీ దగ్గర నేర్చుకోవాలా?

నిర్వాహకులు

ఇద్దరూ విషయం మీదే ఉండండి. తండ్రుల ప్రస్తావన వద్దు.

నగరి బయోటెక్

తండ్రుల ప్రస్తావన వద్దంటే ఈ చర్చ ముందుకు పోదు. మొదటి నుంచీ చదువుతున్నాను, ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. మాస్టారూ, మీ పెద్దమ్మాయి గ్రాఫిక్స్ అడగలేదని రాశారు. అడిగితే కొనిచ్చేవారా?

మా ఇంట్లో కొత్త ఫోను ఎప్పుడూ అన్నయ్యకు. వాడు వదిలేసింది నాకు. ఎమ్మెస్సీలో ప్రొటీన్ల ఆకృతి చెబుతున్నప్పుడు, అణువును వేలితో తిప్పి చూసే యాప్ వేసుకోమన్నారు. క్లాసులో అందరూ తిప్పుతున్నారు. నా ఫోనులో మాత్రం ఈ పరికరానికి సరిపడదని వచ్చింది. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు ఫలానా వెర్షన్ ఓపెన్‌జీఎల్ (బొమ్మలు గీయమని యాప్ దానికి చెప్పే పద్ధతి) ఉండాలని యాప్ తయారుచేసినవారు పెట్టిన షరతు. లేకపోతే ప్లే స్టోర్ దింపుకోనివ్వదు. మడతల మధ్య మందు అణువు ఎక్కడ ఇముడుతుందో పుస్తకంలోని చదును బొమ్మలో తెలియదు, వెనక్కి తిప్పితేనే ఆ గుంట కనిపిస్తుంది. పక్కనున్న అమ్మాయి ఫోనులోకి తొంగి చూసి నేర్చుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పినా, పాతది బాగానే ఉంది కదా అనేవారని తెలుసు. బయటివాళ్లకు నేనూ ఏమీ అడగని పిల్లనే.

మీరిద్దరూ అవసరమా, విలాసమా అని తగువు పడుతున్నారు. ఇంట్లో ఉన్న డబ్బుతో ఎవరి చేతికి బలమైన ఫోను వస్తుంది, ఎవరి చేతికి పాతది వస్తుంది అన్నదే నా తగువు. ముప్పై రెండు వేలు అబ్బాయికా, పదమూడు వేలు అబ్బాయికా అని మీ ఇంట్లో బేరం సాగుతోంది. పెద్దమ్మాయి ఆ లెక్కలోనే లేదు.

పుత్తూరు వాసి

ఈ అమ్మాయి చెప్పింది నిజం. మా ఇంట్లోనూ అంతే జరుగుతుంది.

జాతర కెమెరా

అక్కా, ఇది నాకు తట్టలేదు. మా చెల్లి దగ్గర ఉన్నది నేను జాతరలో ఎండకు పెట్టి పెట్టి అలసిపోయిన ఫోనే.

చిత్తూరు మాస్టారు

అమ్మా, మా అమ్మాయి సంగతి వేరు. ఆమెకు కావలసింది ఆమె అడిగేది, మేము ఇచ్చేవాళ్లం. దీని మీద ఇంకేమీ రాయను.

ముప్పై రెండు వేలకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. కంపెనీలు రేటు పెంచడానికి వాడుకునే మాటే గ్రాఫిక్స్ అని నా నమ్మకం, అది మారదు. కానీ ఏదో ఒకటి కొనక తప్పదు. పదిహేను, ఇరవై వేల మధ్య తీసుకుంటే మోసపోకుండా ఏమేమి చూడాలో తెలిసినవారు చెప్పండి. మాలి జీ57 అని రాసి ఉన్నది చూశాను, అది మంచిదేనా?

ఏర్పేడు పరిశోధన

మాలి జీ57 అన్న పేరు ఒక్కటే చూసి కొనకండి. దాని వెనక ఎన్ని కోర్లు ఉన్నాయో చూడాలి. డైమెన్సిటీ 700 అనే ఫోను చిప్పులో జీ57కు రెండు కోర్లు, డైమెన్సిటీ 720లో మూడు, డైమెన్సిటీ 800లో నాలుగు. పేరు అదే, పని చేసే చేతులు రెండింతలు. పేరు చివర ఎంసీ2, ఎంసీ4 అని చిన్నగా ఉండే అంకె అదే. సాఫ్ట్‌వేర్ సవరణలు ఎన్నేళ్లు ఇస్తారో కూడా అడగండి. గ్రాఫిక్స్‌ను నడిపే డ్రైవర్‌లో భద్రతా లోపాలు బయటపడుతుంటాయి. 2022లో మాలి డ్రైవర్ లోపాలకు ఆర్మ్ సవరణ ఇచ్చాక కూడా అది నెలల తరబడి ఫోన్లకు చేరలేదు. డబ్బు లావాదేవీలు చేసే ఫోనుకు ఇది ఆటల కంటే ముఖ్యం.

తిలక్ రోడ్డు రిపేరు

చార్జింగ్‌లో పెట్టి బరువైన పని చేయించవద్దని అబ్బాయికి చెప్పండి. వెనక దళసరి కవరు ఉంటే వేసవిలో తీసేయమనండి.

చిత్తూరు మాస్టారు

మెమరీ ఎంత ఉండాలి? ఆరు చాలునని కొట్టతను అన్నాడు.

తిలక్ రోడ్డు రిపేరు

ఎనిమిది జీబీ. ఫోనులో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు సొంత మెమరీ ఉండదు, అందరితో పాటు అందులోంచే తీసుకుంటుంది.