ఆరడుగుల టేబుల్‌కి ఎనిమిది మంది: మనిషికి 24 అంగుళాలు ఇవ్వాల్సిందేనా?

తొలివిందు:
మా టేబుల్ 72 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు. వచ్చే వారం ఎనిమిది మందిని కూర్చోబెట్టాలి. పొడవు వైపులా ముగ్గురేసి, రెండు కొసల్లో ఒక్కొక్కరు. మనిషికి 24 అంగుళాలంటే 72కి ముగ్గురు సరిగ్గా సరిపోతారు కదా అనుకున్నాను. తీరా ప్లేట్లు, ఫోర్కులు, గ్లాసులు సర్ది చూస్తే మూలల్లో ఒకరి సామాను ఇంకొకరి చోటులోకి వెళ్లిపోయింది. ఇంట్లో ఒకరు 24 తగ్గకూడదని పట్టుబడుతున్నారు, మరొకరు 20 చాలంటున్నారు. మీరేమంటారు?

కొలబద్ద:
తగ్గించొద్దండి. ముందు ఒక మాట: 24 అనేది ఒక ప్లేటు నడిమధ్య నుంచి పక్క ప్లేటు నడిమధ్యకు ఉండాల్సిన దూరం. అంచు నుంచి అంచుకు కొలిచి చాలామంది పొరబడతారు. కూర్చున్న మనిషి మోచేతుల మధ్యే సుమారు అడుగున్నర ఉంటుంది. కత్తి పట్టుకుని కోసేటప్పుడు మోచెయ్యి ఇంకాస్త పక్కకి లేస్తుంది. మిగిలిన ఆ కొద్ది అంగుళాలూ అందుకే. ప్లేటు అంచు, ఫోర్కు, కత్తి, స్పూన్ల పిడులు అన్నీ టేబుల్ అంచుకి ఒక అంగుళం లోపల, ఒకే గీత మీద పెట్టండి. టేపు లేకపోతే బొటనవేలి పై కణుపు చాలు. కొలత సమంగా ఉంటే వచ్చినవాళ్లకి తమకు వేసిన చోటు ఎవరికీ తీసిపోలేదన్న నమ్మకం కలుగుతుంది. ఒకరిని ఇరుకులో, ఒకరిని విశాలంగా కూర్చోబెట్టడం నాకు మనసొప్పదు.

చెక్కపని:
కొలబద్ద గారు చెప్పిన 24 నిజమే. కానీ ఆ లెక్క పొడవు వైపుకే పనికొస్తుంది, మూలకి కాదు. నేను టేబుళ్లు చేస్తాను, ఈ ఇబ్బంది తరచూ చూస్తుంటాను.

పదిన్నర అంగుళాల ప్లేటు అనుకోండి. పొడవు వైపు మొదటి మనిషి ప్లేటు మధ్య భాగం మూల నుంచి 12 అంగుళాల దగ్గర పడుతుంది. ఆ ప్లేటు అవతలి అంచు టేబుల్ లోపలికి పదకొండున్నర అంగుళాల దాకా వస్తుంది. ఇప్పుడు కొసలో కూర్చున్న మనిషి గ్లాసు ఎక్కడుంటుంది? కత్తి మొన పైన, అంటే ఆయనకి కుడివైపు. కొలిచి చూడండి, సరిగ్గా ఆ పక్క మనిషి ప్లేటు అంచు మీదకొస్తుంది. గమనించారో లేదో, ఇది నాలుగు మూలల్లో జరగదు. కొస మనిషికి కుడిచేతి వైపున్న మూలలోనే. రెండు కొసలు కాబట్టి రెండు మూలలు, ఒకదానికొకటి ఎదురు కోణంలో.

దీనికి అంగుళాలు పెంచనక్కర్లేదు. కొసల్లో ఇద్దరికీ గ్లాసు ప్లేటుకి సూటిగా పైన పెట్టండి.

ఇంకోటి, కుర్చీలకి చేతులున్నాయా? అలాంటి కుర్చీ ఒక్కటే రెండడుగులు తినేస్తుంది. అప్పుడు 24 ఇచ్చినా కుర్చీలు ఒరుసుకుంటాయి, 30 కావాలి.

తొలివిందు:
చేతుల్లేని కుర్చీలేనండి, 18 అంగుళాల వెడల్పు.

రెండుజానలు:
20 చాలంటున్నది మా ఇంట్లో నేనే కాబట్టి ఇక్కడ కూడా నా పక్షం చెప్తాను. ఇరుకు అనిపించేది మనుషుల వల్ల తక్కువ, సామాను వల్ల ఎక్కువ. ప్లేటుకి ఎడమన రెండు ఫోర్కులు, కుడిన రెండు కత్తులు, ఒక స్పూను పెడితే ఆ వరుసే 18 అంగుళాలు ఆక్రమిస్తుంది. 24లో పక్కవాళ్లకీ మనకీ మధ్య మిగిలేది ఆరు. అదే ఒక ఫోర్కు, ఒక కత్తితో సరిపెడితే వరుస 14 దాటదు. అప్పుడు 20 ఇచ్చినా అదే ఆరు అంగుళాల ఖాళీ మిగులుతుంది.

ఆ ఖాళీయే ముఖ్యం. ఒకరి చోటులో వస్తువుల మధ్య ఉన్న ఎడం కంటే ఇద్దరి చోట్ల మధ్య ఎడం స్పష్టంగా ఎక్కువ కనిపించాలి. రెండూ ఒకేలా ఉంటే నా గ్లాసేదో, పక్కాయన గ్లాసేదో, ఎడమనున్న చిన్న బ్రెడ్ ప్లేటు ఎవరిదో తెలియక చెయ్యి ఆగిపోతుంది. వాడని స్పూను చోటు దండగ. కావలసినప్పుడు తెచ్చి ఇవ్వొచ్చు.

కొలబద్ద:
సామాను తగ్గించమన్నది ఒప్పుకుంటాను, బాగుంది. 20 మాత్రం ఒప్పుకోను. మీరు లెక్కేసింది వస్తువుల మధ్య ఖాళీ. మోచేతులు వస్తువులతో పాటు కుంచించుకుపోవు కదండీ. పైగా 18 అంగుళాల కుర్చీలని 20కి ఒకటి చొప్పున వేస్తే మధ్యలో రెండంగుళాలు. కుర్చీ వెనక్కి జరిపి లేవాలంటే పక్కవాళ్లని కదిలించాల్సిందే.

వృత్తం:
గుండ్రటి టేబుల్ తెచ్చుకుంటే మూలల గొడవే ఉండదు కదా?

చెక్కపని:
మూలల గొడవ పోతుంది, ఇంకోటొస్తుంది. అయిదడుగుల గుండ్రటి టేబుల్ చుట్టుకొలత 188 అంగుళాలు, ఎనిమిది మందికి పంచితే అంచు దగ్గర మనిషికి 23న్నర. చూడ్డానికి బానే ఉంది. కానీ మధ్యకి పోయేకొద్దీ వాటా సన్నబడుతుంది. ప్లేటు నడిమధ్య దగ్గరే పద్దెనిమిదిన్నరకి పడిపోతుంది. గ్లాసులుండే చోట, అంటే అంచు నుంచి 14 అంగుళాల లోపల, మనిషికి పన్నెండున్నరే. గుండ్రటి టేబుల్ మీద గ్లాసులు గుంపుగా కనిపించేది అందుకే.

ఎడమచెయ్యి:
ఇంతసేపూ అందరివీ కుడిచేతులే అన్నట్టు మాట్లాడుకున్నాం. నాది ఎడమచేతివాటం. నాకు ఎడమపక్కన కుడిచేతివాళ్లు కూర్చుంటే, 24 ఉన్నా సరే, భోజనమంతా ఇద్దరి మోచేతులూ తగులుతూనే ఉంటాయి. క్షమించండి, క్షమించండి అనుకుంటూ తినడం ఎంత నలుగుడో పడితే తెలుస్తుంది. సమానమైన కొలత నాకు సమానమైన చోటు ఇవ్వదు. నన్ను వరుసలో నా ఎడమ కొసకి కూర్చోబెడితే 22 అయినా హాయిగా తింటాను. కాబట్టి ముందు ఎవరెవరు వస్తున్నారో చూసుకుని తర్వాత టేపు తీయండి.

తొలివిందు:
నిన్న సాయంత్రం ఖాళీ ప్లేట్లు పెట్టి ఇంట్లోవాళ్లనే కూర్చోబెట్టి, కోస్తున్నట్టు, గ్లాసు అందుకుంటున్నట్టు చేయించాను. 20 దగ్గర మధ్యలో ఉన్నవాళ్లు భుజాలు ముడుచుకుని కూర్చున్నారు, అది పక్కన పెట్టేశాం. 24 దగ్గర మూలల్లోవాళ్ల మోకాళ్లు టేబుల్ కాళ్లకి తగిలాయి. 22 దగ్గర రెండూ లేవు. కొసల గ్లాసులు ప్లేటు పైకి మార్చాను. రెండో ఫోర్కు, రెండో కత్తి, స్పూను తీసేశాను. ఎదురెదురు ప్లేట్లు, గ్లాసులు పోను మధ్యలో మిగిలింది ఆరంగుళాలే కాబట్టి వడ్డించే గిన్నెలు పక్క బల్ల మీద పెడతాను.

అతిథులనూ అడిగాను. ఒకరిది ఎడమచేతివాటమే. ఆయనకి వరుసలో ఎడమ కొస ఇద్దామని చూస్తే, అది చెక్కపని గారు చెప్పిన గ్లాసు మూలే.

కొలబద్ద:
అయితే ఆ మూల పక్కన టేబుల్ కొసలో కూర్చునే మనిషి గ్లాసు ప్లేటు పైన కాదు, ఆయనకి ఇంకా ఎడమకి జరపండి. మీ అతిథి ఎడమచెయ్యి ముందుకి చాచినప్పుడు వెళ్లేది ఆ ప్లేటు పైకే. 22 మీద నా అభ్యంతరం అలాగే ఉంది, కానీ కూర్చోబెట్టి చూశారు కాబట్టి మీ ఇష్టం. చూసింది ఖాళీ ప్లేట్లతో కదా, కత్తితో నిజంగా గట్టిగా కోయాల్సినవి వడ్డిస్తున్నారా?

తొలివిందు:
లేదండి, అన్నీ ముందే ముక్కలు చేసి పెడతాం.

కొలబద్ద:
అయితే సరే.